కొసరు జత

"లాభం... రెండు... మూడు..."

సాలమోను నడుం వంగుతోంది, లేస్తోంది. ఎడం చేతిలో ఒక కాయ, కుడి చేతిలో ఒక కాయ, రెండూ కలిపి ఒక జత, ఆ జత గాల్లోకి లేచి లారీ పక్కన పరిచిన గోనెపట్టా మీద పడుతోంది. మళ్ళీ వంగుతున్నాడు. కొబ్బరి పీచు గుచ్చుకుని గుచ్చుకుని వేళ్ళ కొసలు నల్లగా, తోలులా బిరుసెక్కిపోయాయి. భుజాలు ఎముకలు తేలి ఉన్నాయి గానీ గొంతు మాత్రం నిండుగా, కాస్త రాగంగా ఉంటుంది. లెక్కని ఒకటితో మొదలుపెట్టడు, లాభంతో మొదలుపెడతాడు. తండ్రి అలాగే లెక్కపెట్టాడు మరి.

యాభై జతలయ్యాయి. అంటే వంద కాయలు. అప్పుడు సాలమోను నోరు మూతపడింది, చేతులు మాత్రం ఆగలేదు. ఇంకో జత తీసి, పట్టా మీదికి కాకుండా ఎడం కాలి పక్కకి, విడిగా విసిరాడు. అది కొసరు. ప్రతి వందకీ కొనేవాడికి ఊరికే వెళ్ళే జత. దాన్ని పైకి లెక్కపెట్టరు. అటు కొనేవాడూ, ఇటు అమ్మేవాడూ, మధ్యలో లెక్కపెట్టేవాడూ ఎవరూ దాని వంక చూడరు కూడా.

"లాభం... రెండు..."

అంబాజీపేట నుంచి లారీలు వచ్చే కాలం ఇది. కొత్తలంకలో భీమరాజుగారి కాయల కొట్టు ముందు పొద్దున్నే ఈ గొంతు వినిపించకపోతే ఎదురుగా టీ బడ్డీవాడికి కూడా ఏదో వెలితిగా ఉంటుంది. అయినా ఆ గొంతుతో కబుర్లాడేవాళ్ళెవరూ లేరు. అంకెలు తప్ప సాలమోను నోట్లోంచి వచ్చేది సాధారణంగా ఒకే మాట. ఆయ్.

"ఏవయ్యా సాలమోనూ, సాయంత్రం వార్డు సభలో లెక్క నువ్వేనంట కదా?" కుర్చీలోంచి భీమరాజు అడిగాడు.

"ఆయ్."

"మంచిదే. నీ లెక్కంటే ఎవడూ నోరెత్తడు. ఇంతకీ నీ ఓటు కాయ దేనికేస్తావు? లైట్లకా?"

సాలమోను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"సమాధుల తోట దారికండి."

భీమరాజు లెక్కపుస్తకం వైపు తిరిగాడు. ఆ దారిలో సాలమోను భార్య శవపెట్టె మోసినవాళ్ళలో ఆయన కొట్టు మనుషులే నలుగురున్నారు.

పోయిన వానల్లో రూతు పోయింది. పిల్లలు లేరు, ఆ ఇంట్లో వాళ్ళిద్దరే. తోటకి వెళ్ళే దారి పల్లం, కాలవ నిండితే ముందు మునిగేది అదే. నీళ్ళు నడుముల దాకా వచ్చాయి. మోసేవాళ్ళలో ఒకడి కాలు జారి పెట్టె ఒక పక్కకి ఒరిగిపోతే, సాలమోను రెండు చేతులూ కిందికి పెట్టి ఆపాడు. ఆ నీటి చల్లదనం ఇప్పటికీ చేతుల్లోనే ఉంది. ఆ తర్వాత నీళ్ళు తీసేదాకా సమాధిని గట్టు మీద నిలబడి చూడ్డమే. మళ్ళీ ఇప్పుడు మబ్బులు పడుతున్నాయి.

మధ్యాహ్నం పని ముగిశాక భీమరాజు ఎప్పట్లాగే ఒక జత చేతికిచ్చాడు. రూతు ఉన్నప్పుడైతే గుమ్మంలోనే చెయ్యి చాపేది, "నా కొసరేదండీ?" అని. ఇప్పుడు ఆ కాయలు మంచం కింద పేరుకుపోతున్నాయి. ఒక్కడికి ఎంత పచ్చడి కావాలి?

కొత్తలంక నగర పంచాయితీ ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టింది. బడ్జెట్‌లో ఒక్కో వార్డుకీ కొంత వాటా పక్కకి తీసి, దానితో ఏ పని చెయ్యాలో కౌన్సిల్ కాకుండా వార్డు జనమే తేల్చాలంది. మొదట చేతులెత్తమన్నారు. ఎవరూ సరిగ్గా ఎత్తలేదు, పక్కింటివాళ్ళు ఎటు ఎత్తుతారో చూసి సగం దాకా లేపి దించేసుకున్నారు. చీటీలంటే ముసలివాళ్ళు చదవలేమన్నారు. చివరికి ఎవరన్నారో గానీ, ఇంటికో కొబ్బరికాయ అన్నారు. గుమ్మం దగ్గర వేలికి సిరా పెట్టించుకుని, టార్పాలిన్ చాటుకి వెళ్ళి, నచ్చిన పని బొమ్మ ముందు కాయ పెట్టి వచ్చేయడమే. ఆఖర్న ఆ కాయలన్నీ భీమరాజు కొనుక్కుని బడి పిల్లలకి పలకలు కొనిస్తాడు. బొమ్మలు రెండే. ఒకటి కాలవ గట్టు మీద లైట్లు, రెండోది తోట దారి.

సాయంత్రం సచివాలయం ముందు షామియానా కింద జనం బిలబిలలాడారు. సాలమోను ఉతికిన చొక్కా వేసుకుని, పీచు శుభ్రంగా దువ్విన కాయతో వరసలో నిలబడ్డాడు. పక్కింటి బుజ్జమ్మ వెనక నుంచి అందుకుంది.

"ఏం అన్నయ్యగారూ, కాయకి కూడా తల దువ్వేరా? పెళ్ళిచూపులకా?"

చుట్టూ నవ్వారు. సాలమోను కూడా నవ్వాడు, నోరు తెరవకుండా.

చాటుకి వెళ్ళాడు. దారి బొమ్మ ముందు కాయ పెట్టాడు. దొర్లిపోతుందేమోనని రెండు చేతులతో ఇంకాస్త సర్ది పెట్టాడు.

ఓట్లయ్యేసరికి పడమట మబ్బు నల్లగా దిగిపోయింది. రెండు రాసులూ ఇంచుమించు ఒకే ఎత్తు. వార్డు కార్యదర్శి సుస్మిత, విశాఖలో చదువుకుని నిరుడే ఉద్యోగంలో చేరిన పిల్ల, ఆకాశం వంక చూసి కంగారుపడింది.

"తాతగారూ, ఒక్కరే రెండూ లెక్కపెడితే వాన వచ్చేస్తుంది. లైట్లవి నేను పెట్టేస్తా, దారివి మీరు పెట్టేయండి. ఒకేసారి మొదలుపెడదామా?"

"ఆయ్."

ఆమె అటు తిరిగి కూర్చుని ఒక్కో కాయా దొర్లిస్తూ లెక్క మొదలుపెట్టింది. ఇటు సాలమోను తువ్వాలు నడుముకి బిగించాడు. చుట్టూ వార్డు పెద్దలు నిలబడ్డారు, తప్పు పోకుండా చూడ్డానికి.

"లాభం... రెండు... మూడు..."

ఆ గొంతుకి షామియానా అంతా నిశ్శబ్దమైపోయింది. పసిపిల్లలు కూడా ఏడుపాపారు. జత, జత, జత. రాసి తరుగుతోంది. సాలమోనుకి జనం కనిపించడం లేదు, దారి కనిపిస్తోంది. మెరక చేసిన దారి, ఎర్ర గ్రావెలు, వానలో కూడా పొడిగా ఉన్న చెప్పులు. యాభై జతలయ్యాయి. నోరు మూతపడింది. చేతులు ఇంకో జత తీసి ఎడం కాలి పక్కకి విసిరాయి. మళ్ళీ, "లాభం..."

పెద్దలందరూ చూశారు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే. ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆ జత చూసి ఇదేంటని అడగగలిగింది ఊరికి కొత్తదైన సుస్మిత ఒక్కతే, ఆమెకేమో వీపు ఇటు ఉంది.

రెండు లెక్కలూ చదివింది సుస్మిత. ఒక్క కాయ తేడాతో లైట్లు గెలిచాయి. చప్పట్లు మొదలయ్యాయో లేదో వాన కొట్టేసింది. జనం కొంగులూ కుర్చీలూ నెత్తిన పెట్టుకుని పరుగు.

కాయల్ని ఆటోలోకి ఎక్కిస్తుంటే, సాలమోను ఎడం కాలికి ఏదో తగిలింది. తడిసిన జత. అలా చూస్తూ ఉండిపోయాడు. చొక్కా వంటికి అతుక్కుపోయింది. జుట్టులోంచి నీళ్ళు కనురెప్పల మీదికి కారుతున్నా తుడుచుకోలేదు. ఇవి రెండూ కలిపితే, ఒక్క కాయతో గెలిచేది దారి.

రెండు కాయలూ పట్టుకుని సచివాలయం మెట్లెక్కాడు. లోపల సుస్మిత తడిసిన కాగితాలు ఫ్యాన్ కింద పరుస్తోంది.

"అమ్మా... ఈ రెండూ... కొసరు తీసేసేనమ్మా. అలవాటు చొప్పున."

ఆమెకి మొదట అర్థంకాలేదు. అతను ముక్కలు ముక్కలుగా చెప్పేసరికి కళ్ళు పెద్దవయ్యాయి. "అయ్యో తాతగారూ! ఫలితం చదివేశాను, పైకి పంపించేశాను కూడా." కాసేపు పెదవి కొరుక్కుంది. "కానీ ఒకటుంది. ఓటేసినవాళ్ళు ఎవరైనా ఈ వారంలో ఇక్కడికొచ్చి, నలుగురి ముందు కారణం చెప్పి అడిగితే సభ మళ్ళీ పెట్టాల్సిందే. ఛైర్మన్ గారు కూడా కాదనలేరు. నేనడగకూడదు, నా ఓటు ఇక్కడ లేదు. మీరడగొచ్చు."

"నేనా?"

"మీరే. ఏమీ రాసివ్వక్కర్లేదు. నోటితో చెప్తే చాలు."

"నలుగురి ముందూ?"

"అవునండీ. రేపు పొద్దున్న రండి, నేను పిలుస్తాను అందర్నీ. ఇవీ తెచ్చుకోండి."

సాలమోను కాయల వంక చూసుకున్నాడు. ఇన్నేళ్ళ తర్వాత తన లెక్క తప్పు అని తానే చెప్పడమంటే, ఆ మర్నాటి నుంచి కొట్టు ముందు ఆ గొంతు ఎవరు నమ్ముతారు?

"వస్తానమ్మా. చెప్తాను."

ఇంటికొచ్చి, రెండు కాయల పీచు జుట్లూ కలిపి ముడేసి, గుమ్మం బయట చూరు కింద మేకుకి తగిలించాడు. దీపం పెట్టాడు. వాకిట్లో నీళ్ళు మడుగు కడుతున్నాయి. మంచం మీద కూర్చుని, ఎదురుగా ఖాళీ గోడతో నెమ్మదిగా అన్నాడు: "అయ్యా, లెక్క నేనే తప్పేను." బాగోలేదు. మళ్ళీ అన్నాడు: "అందరికీ వందనాలండి. తప్పు నాది. దారి గెలిచిందండి." గొంతు వణికింది. అంకెలకి ఎప్పుడూ వణకని గొంతు.

"ఎవరితోనండీ మాట్టాడుతున్నారు?" గుమ్మంలో బుజ్జమ్మ, కొంగు కింద గిన్నె. "చేపల పులుసు. మూతెట్టి ఉంచుకోండి, మళ్ళీ పిల్లి వస్తాది."

"రేపు చెప్పాలండి," అన్నాడు.

"ఏంటి చెప్పేది?"

"రేపు... రేపు వింటారు లెండి."

"అబ్బో! సాలమోనుగారు ప్రసంగిస్తారంట!" నవ్వుకుంటూ వానలో వెళ్ళిపోయింది.

తెల్లారి లారీ వచ్చింది. కొట్టు ముందు గొంతు వినిపించలేదు. టీ బడ్డీవాడు వచ్చి తలుపు తట్టాడు, తర్వాత బుజ్జమ్మ తట్టింది, తర్వాత గడియ విరగ్గొట్టారు. సాలమోను ఉతికిన చొక్కా వేసుకుని, గుండీలు పెట్టుకుని, మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పులుసు గిన్నె కడిగి బోర్లించి ఉంది. నిద్రలో పోయాడో, నిద్ర లేచాక పోయాడో ఎవరికీ తెలియదు.

వాన తెరిపివ్వలేదు. పాస్టరుగారు గొడుగు కింద ప్రార్థన చేశారు. పెట్టె మోసేవాళ్ళు తోట దారిలో దిగేసరికి నీళ్ళు నడుముల దాకా వచ్చాయి. ఈసారి కింద చేతులు పెట్టేవాళ్ళెవరూ లేరు, అందుకని చాలా నెమ్మదిగా నడిచారు.

గట్టు మీద సుస్మిత చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది. పక్కన బుజ్జమ్మ. జరిగిందంతా సుస్మిత ఆమెకి చెప్పింది. "ఓటేసినవాళ్ళు ఎవరడిగినా పెట్టాలండీ. మీరైనా."

బుజ్జమ్మ నీళ్ళలోకి చూస్తూ తడిసిన కొంగు పిండుకుంది.

"నా కాయ లైట్లకేసేనమ్మా," అంది. "మా పిల్ల షాపులో పనయ్యి ఈ గట్టు మీదే చీకట్లో వస్తాది."



మూడో రోజు ఇంటిగలాయన తాళం వేస్తానంటే బుజ్జమ్మే ఇల్లు ఖాళీ చేసింది. గిన్నెలు, గొడుగు, మంచం కింద కాయలన్నీ తీసుకెళ్ళి పంచింది. మేకుకున్న జత దగ్గరికి మాత్రం రెండుసార్లు చెయ్యి చాపి, రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. తాళం పడింది. ఎవరూ అడక్కుండానే వారం గడిచింది. కాలవ గట్టు మీద స్తంభాలకి గోతులు తవ్వడం మొదలైంది.

చూరు కింద ఆ రెండు కాయలూ ఇంకా వేలాడుతున్నాయి, పీచుకి పీచు ముడిపడి.