ఎర్ర తీగ, ఎర్ర పెన్సిలు

మా ఆయన ఓరిన్ రెండేళ్లుగా స్పీకర్లు ఎంచుకుంటున్నాడు. పెళ్లికి నన్ను ఎంచుకోవడానికి ఆయనకు పట్టింది రెండే నెలలు. అందులోనూ ఒక నెల చేపలవేటకే పోయింది.

మిన్నెసోటాలో ఆరు నెలలు మంచు కాబట్టి ప్రతి మగాడూ బేస్‌మెంటులో ఏదో ఒకటి పెట్టుకుని కూర్చుంటాడు. మావాడు హోమ్ థియేటర్ పెట్టుకున్నాడు. తెర వచ్చింది, సోఫా వచ్చింది. స్పీకర్లు మాత్రం తయారుగా కొనుక్కునేవాళ్లు చేతకానివాళ్లట. విడిభాగాల కిట్టు తెప్పించి, పెట్టెకు జిగురు పెట్టి, తీగలకు టంకం వేసి సొంతంగా చేసుకోవాలట. వడగట్టి వడగట్టి రెండు కిట్లు మిగిల్చాడు. ఒకటి అలమరలో పట్టే చిన్నది, రెండోది నా భుజమంత ఎత్తుది. ఒక్కో జత నమూనాగా చేసిపెట్టాడు. నవంబరు మొదటి శనివారం మధ్యాహ్నం స్నేహితులు వచ్చి, విని, మార్కులు వేస్తారు. గెలిచిన రకంలోనే గదికి కావలసిన మిగతా స్పీకర్లకు ఆ సాయంత్రమే ఆర్డరు.

వాళ్లకు ఇది సరదా. నాకు కాదు. మొక్కజొన్న డబ్బాల ఫ్యాక్టరీలో మూతలు బిగించే యంత్రం పక్కన ఇరవై ఆరేళ్లు నిలబడ్డాను. నాలుగేళ్లుగా సినిమాలో మాటలు నాకు సరిగా అందడం లేదు. స, త, క లాంటివి మధ్యలోనే రాలిపోతాయి. తెర కింద అక్షరాలు వేసుకుందామంటే, సినిమాకొచ్చి చదవడమేమిటంటాడు ఓరిన్. చెవి మెషీను మాటెత్తితే ముసలిదాన్నయ్యానని నా నోటితో నేనే చెప్పుకున్నట్టు. అందుకని శుక్రవారం సాయంత్రాలు ఆయన నవ్వినప్పుడల్లా నేనూ నవ్వేస్తున్నాను. ఓరిన్ ఒకసారి కొట్టిన మేకు మళ్లీ పీకే మనిషి కాదు. మాట వినపడని కిట్టు గెలిచిందంటే ఇక చచ్చేదాకా అరువు నవ్వులే.

వచ్చినవాళ్లు ఇద్దరు. వెర్లిన్ రిటైరైన ఎలక్ట్రీషియను. లైల్ ఇప్పటికీ పళ్లు పీకుతున్నాడు. ముగ్గురూ నేను ఓవెన్లో వండిన హాట్‌డిష్ ప్లేట్లు ఒళ్లో పెట్టుకుని మార్కుల కాగితం పంచుకున్నారు. కాగితం చివర్న ఒక గడి ఉంది, ‘ఇల్లాలి ఆమోదం’ అని. ఈ స్పీకర్ల పిచ్చివాళ్లందరికీ ఆ గడి ఉంటుంది. పెట్టె రంగు చూసి భార్య సరేనంటుందా లేదా, అంతే. చెవులు మగవాళ్లవి, కళ్లు మావి.

ముందు పెద్దవాటిలో డ్రమ్ములు మోగించారు. తర్వాత రైలు చప్పుడు.

"అబ్బ, వెన్నరా ఇది! ఎక్కడా గీరుకోవట్లేదు," అన్నాడు లైల్.

చిన్నవి మొదలుపెట్టగానే మొహం చిట్లించాడు. "ఇది కాస్త గుచ్చుతోందిరా."

"మార్లిస్, నువ్వు రంగు చెప్పు. వాల్‌నట్ చెక్క రంగా, నలుపా?" అన్నాడు ఓరిన్.

"మనిషి మాట్లాడేది పెట్టు, చెప్తా."

"మాటల్లో వినడానికేముంది?"

"నలభై ఏళ్ల కాపురంలో నీకేమీ వినపడలేదని నాకు తెలుసులే. పెట్టు."

ఏదో దొంగల సినిమా పెట్టాడు. ఒకడు ఫోనులో పెళ్లాంతో మాట్లాడుతున్నాడు. పెద్దవాటిలో.

"ఏమన్నాడు మార్లిస్?" వెర్లిన్ వేళాకోళంగా అడిగాడు.

"ఆళం ఓఫా ఇంద."

ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు. అదే ముక్క చిన్నవాటిలో పెట్టారు.

"తాళం సోఫా కింద," అన్నాను. నాలుగేళ్ల తర్వాత సినిమాలో ఒక మాట నా అంతట నేను విన్నాను. విన్నది తాళంచెవి సంగతే అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఓరిన్ ఆ చివరి గడిలో శ్రద్ధగా రాసుకున్నాడు. చిన్నదాని రంగు నచ్చింది, అని.

ఇక నాకు ఒళ్లు మండింది. "రంగు కాదయ్యా మహానుభావా! నాకు వినపడదు! నాలుగేళ్లయింది. నువ్వు నవ్వితే నవ్వుతున్నాను, అంతే. ఒక్క జోకు కూడా నాకు తెలీదు!"

ఆడమనిషి ఏడుస్తుంటే మావైపు మగవాళ్లు స్క్రూడ్రైవరు వెతుక్కుంటారు. వెర్లిన్ పెద్ద స్పీకరు వెనక పలక ఊడదీసి, "దీని వైరింగు బొమ్మ ఏదిరా?" అన్నాడు.

ఓరిన్ బొమ్మ ఇచ్చాడు. దాన్నిండా ఎర్ర పెన్సిలు. మా ఊరి వారపత్రిక ప్రెస్సులో ముప్ఫై ఒక్క ఏళ్లు చేశాడాయన, అచ్చు వేయడమూ ఆయనే, తప్పులు దిద్దడమూ ఆయనే. ఇప్పటికీ చేతిలో కాగితం పడితే ఊరుకోడు. చర్చిలో పాస్టరు మా వరుసకు పాటల కాగితాలు ఇవ్వడం మానేశాడు. ఈ బొమ్మలో, పైనుండే బుల్లి స్పీకరు దగ్గర, ‘ఎర్ర తీగ మైనసుకు’ అని ఉంది. ఎర్ర తీగ ప్లస్సుకే కదా అని మైనసు కొట్టేసి ప్లస్సు రాశాడు. పక్కన ‘అచ్చుతప్పు’ అని కూడా పెట్టాడు.

"ఒరేయ్ సన్నాసీ! అది తప్పు కాదురా, కావాలనే తిరగేస్తారు," అన్నాడు వెర్లిన్. "నువ్వు దిద్దావు, పై స్పీకరూ కింద స్పీకరూ ఒకదాన్నొకటి మింగేస్తున్నాయి. సరిగ్గా మాటలుండే చోట గొయ్యి తవ్వావు."

"ఆ గొయ్యేగా ఇందాక వెన్న అన్నారు," అన్నాను. లైల్ ప్లేటులోకి చూసుకున్నాడు.

వెర్లిన్ పెద్ద జత రెండు పెట్టెల్లోనూ తీగలు మార్చి టంకం వేశాడు. మళ్లీ పెడితే తాళం సోఫా కిందికి చక్కగా వచ్చి పడింది. ఓరిన్ నా పక్కన కూర్చున్నాడు.

"నాలుగేళ్లా?"

"నాలుగేళ్లు."

"కామా ఎగిరిపోతే పట్టుకుంటాను. ఇది పట్టుకోలేకపోయానే."

జేబులోంచి పెన్సిలు తీసి ఆ గడిలో ‘ఇల్లాలి ఆమోదం’ కొట్టేశాడు, కాగితం నా చేతికిచ్చాడు. "మార్కులు నువ్వే వెయ్యి." నేను చిన్నవాటికే వేశాను. పెద్దవీ బాగానే ఉన్నాయి, కానీ వాటి బొమ్మ నాలుగు పేజీలు. అంత కాగితం మా ఆయన చేతికివ్వడం నాకిష్టం లేదు.

మిగతా కిట్లు పది రోజుల్లో వచ్చాయి. థాంక్స్‌గివింగ్ పండగ వారానికల్లా ఓరిన్ అన్నీ బిగించాడు, ఒక్క అక్షరం దిద్దకుండా. ఆ శుక్రవారం ఒక కామెడీ పెట్టాం. హోటల్లో వెయిటరు ఏదో అన్నాడు. నేను పగలబడి నవ్వాను, ఎవరికోసమూ చూడకుండా. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఓరిన్ కూడా నవ్వాడు, ఒక్క క్షణం ఆలస్యంగా, తెరవైపు కాక నా మొహంవైపు చూస్తూ.

ఆ నవ్వు నాకు తెలుసు. నాలుగేళ్లు నేను నవ్విందే అది. సినిమా ఆపాను.

"వాడేమన్నాడో చెప్పు."

ఓరిన్ చెవి గోక్కున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు అచ్చుయంత్రం పక్కన నిలబడ్డ చెవి అది.

"నువ్వు నవ్వావు కదాని నవ్వాను," అన్నాడు చివరికి.

"మరి ఇన్నాళ్లూ? నిన్ను చూసి కదా నేను నవ్వింది!"

"మ్యూజిక్కు మారినప్పుడు నవ్వేవాణ్ణి."

ఆ తర్వాత ఇద్దరికీ వచ్చిన నవ్వు మాత్రం మా సొంతం. సోమవారం ఇద్దరం కలిసి చెవుల డాక్టరు దగ్గరకు వెళ్దామనుకున్నాం. ఈలోగా నేను రిమోటు తీసుకుని తెర కింద అక్షరాలు వేశాను. ఓరిన్ కళ్లజోడు పెట్టుకుని అయిదు నిమిషాలు బుద్ధిగా చదివాడు.

"ఆపు, ఆపు," అన్నాడు ముందుకు వంగి. "అదిగో, రెండో వరుసలో. అచ్చుతప్పు."