ఒంట్లో ఎండ

వారానికి రెండుసార్లు మంగ్లి, అత్త హేమ్లి కారేపల్లిలో తొలి బస్సెక్కి ఖమ్మం దవాఖానాకు పోయేవాళ్లు. దారిలో జొన్నరొట్టె తిని, ఎనిమిదింటికి మంగ్లి మాత్రలు మింగేది. రెండు గంటలు ఆగి ట్యూబులైట్ల పెట్టెలో నిలబడేది. ఆమెది ఒళ్లంతా పొలుసులు లేచే జబ్బు. మాత్ర పడ్డాక చర్మం వెలుతురును తొందరగా పట్టుకుంటుంది, ఆ వెలుతురే పొలుసుల్ని అణచాలి. మర్నాటిదాకా నల్లద్దాలు తీయకూడదు, ఎండ తగలకూడదు.

హేమ్లికి మనుషుల ఒంట్లోని ఎండ వినబడేది. వీపుకు చెవి ఆనిస్తే ఎసరు మరిగినట్టు తెలిసేది. తండాలో ఎవరికి వడదెబ్బ తగిలినా ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. దవాఖానాలోనూ అంతే. ఆమె కోడలి వీపుకు చెవి పెట్టి "ఊఁ, పో" అన్నాకే నర్సు సీతారావమ్మ పెట్టె తలుపు తీసేది.

ఎనభై ఎనిమిది మే నెలలో ఒక శనివారం హేమ్లి చెవి ఆనించి, చటుక్కున వెనక్కి తీసింది.

"గిదేందే? ఎసరు పొంగి పొయ్యిల పడ్తాంది."

"బస్సుల కిటికీ పక్కన కూసున్న గదా అత్తా."

"కిటికీ పక్కన కూసున్నది నేను."

పది దాటింది, వెనక ఇంకా నలుగురున్నారు. "జల్దీ కానియ్యండమ్మా," అంది సీతారావమ్మ. మంగ్లి గబగబా పెట్టెలోకి అడుగేసింది. హేమ్లి తలుపు రెక్క పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"సారును పిలువు. నేను జరుగ."

డాక్టర్ బసవపున్నయ్య వచ్చి ముందు ముసలామెనే అడిగాడు. "ఎంతుంది?"

"ఎప్పుడుండేదానికి రెండింతలు."

ఆయన మంగ్లి వైపు తిరిగాడు. "ఎన్ని మాత్రలు వేసుకున్నావమ్మా?"

మంగ్లి నల్లద్దాలు సర్దుకుంది.

"ఎన్ని?"

"రెండుసార్ల మాత్రలు ఒక్కపారే మింగిన సారూ."

సీతారావమ్మ స్విచ్చి మీద నుంచి చేయి తీసేసింది.

"లైటు వేసుంటే ఎల్లుండికి నిలువెల్లా బొబ్బలెక్కేదానివి," అన్నాడు డాక్టరు. "ఎందుకు చేశావిట్లా?"

మంగ్లికి ఏడుపు ఆగలేదు. "బాలవాడిల పిల్లలకు ఉప్మా పెడ్త సారూ. అంటుకుంటదని తల్లులు లొల్లి జేస్తున్రు. సోమారం వరకు చేతులు సాఫ్ గాకుంటే తీసేస్తమన్నరు."

"ఇది అంటుకునే జబ్బే కాదే! నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలే."

ఆ రోజు లైటు లేదన్నాడు డాక్టరు. తలుపులు మూసిన గదిలో మర్నాడు పొద్దుగూకేదాకా ఆమెను ఉంచమన్నాడు. తర్వాత కుర్చీ లాక్కుని ఒక ఉత్తరం రాసి, కింద దవాఖానా ముద్ర వేసిచ్చాడు. ఆ చీకటి గదిలో హేమ్లి గంటగంటకూ కోడలి వీపు వింటూనే ఉంది. ఆదివారం సాయంత్రానికి ఎసరు చల్లబడ్డాకే ఇద్దరూ బస్సెక్కారు.

సోమవారం మంగ్లి అవే పొలుసుల చేతులతో బాలవాడికి పోయింది. టీచరు నిర్మలాదేవి ఉత్తరాన్ని ఒకసారి తనలో తాను చదువుకుంది. మళ్లీ గుమ్మంలో నిలబడ్డ తల్లులకు వినబడేలా చదివింది. ఒక్కరూ కదల్లేదు. అప్పుడామె ఒక పళ్లెం తీసుకుని మంగ్లి ముందు నేల మీద కూర్చుంది.

"నాకు ఆకలైతాంది. పెట్టు."

ఆమె మొదటి ముద్ద మింగేదాకా అందరూ చూశారు. కాసేపటికి గోరి అనే తల్లి తన బిడ్డను ముందుకు నెట్టింది.

"పో, టీచరమ్మ పక్కన కూసో."