పాదాల కట్లు

తోట ఆసుపత్రిలో నర్సు లిడియా బొటనవేలితో గర్భిణి మగిరేటి చీలమండ నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"నీరు పట్టింది. రక్తపోటు కూడా ఎక్కువే. ఎండలో నిలబడొద్దమ్మా, పడుకోవాలి," అంది అందరికీ వినిపించేలా.

గుమ్మంలో బెంచీ మీదున్న కమ్వెండో విన్నాడు. తేయాకు కోత మీద పెత్తనం అతనిదే. లేచి మగిరేటి వీపు మీది బుట్ట లాక్కున్నాడు.

"విన్నావుగా. ఇంటికెళ్లి పడుకో. కాన్పయ్యాక ఖాళీ ఉంటే చూద్దాం."

వరసలో ఉన్న ఫనేసి తన చెల్లెలు జెసినాలని పక్కకి లాగింది. జెసినాలకు నెలలు నిండుతున్నాయి. పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"ఆ నర్సు దొర మనిషేనే. రోగం చూడ్డానికి కాదు నొక్కేది, ఎవర్ని తీసెయ్యాలో చూపించడానికి."

ఆ తోట ఆడవాళ్లకి ఒక ఉపాయం ఉండేది. నడుముకి చుట్టుకునే పాత చితెంజె గుడ్డ చీల్చి, పాదాల నుంచి పిక్కల దాకా బిగించి కట్టుకుని పడుకుంటారు. పొద్దున విప్పితే వాపు లాగేసి ఉంటుంది. వరస పెద్దదని నర్సు గుంట పడినవాళ్లకే రక్తపోటు చూస్తుంది. ఆ రాత్రి ఫనేసి తన చేతులతోనే చెల్లెలి కాళ్లకు కట్లు కట్టింది. మర్నాడు పరీక్షలో గుంట పడలేదు. అక్కచెల్లెళ్లు నవ్వుకున్నారు.

తోటలో మళ్లీ కోతకి వంగినప్పుడు జెసినాల ఆగిపోయింది.

"అక్కా, తల పగిలిపోతోంది. కళ్ల ముందు ఏవో మెరుస్తున్నాయి."

"ఎండకిలే. ఊరుకో, వాడు చూస్తున్నాడు."

జెసినాల పొదల మధ్య విరుచుకు పడిపోయింది. ఒళ్లంతా కొట్టుకుంటోంది. ముసలి నఫీరి పళ్ల మధ్య పెట్టడానికి కొమ్మ విరిచింది. నర్సు పరుగున వచ్చింది.

"నోట్లో ఏమీ పెట్టకండి. ఎడం పక్కకి తిప్పండి."

"ముట్టుకోకు," ఫనేసి అడ్డం నిలబడింది. "ఎవరికి చెప్పడానికొచ్చావ్?"

నర్సు చూపు జెసినాల పిక్కల మీద పడింది. గుడ్డ కోసుకుపోయిన గీతలు.

"వాపు దాచారా? నా దగ్గరా?"

"నీ దగ్గరే. నువ్వు నోరు తెరిస్తే మా బుట్ట పోతోంది."

నర్సు ఫనేసిని పక్కకి నెట్టింది. జెసినాలని తనే పక్కకి తిప్పి, మూర్ఛ తగ్గే సూది రెండు పిరుదులకూ వేసింది. "దారిలో మళ్లీ రాకుండా ఇది. జిల్లా ఆసుపత్రిలో కాన్పు చేస్తేగానీ మనిషి దక్కదు. లారీ కావాలి."

"లారీ నిండా ఆకుంది," అన్నాడు కమ్వెండో. "వాడిపోతే ఫ్యాక్టరీ వాళ్లు నన్ను తింటారు."

"తిననీ. వాళ్లకీ నువ్వు అరగవులే," అంది నఫీరి, లారీ ముందు చతికిలబడుతూ.

కొందరు ఆడవాళ్లు ఆమె పక్కన వరసగా కూర్చున్నారు. మిగిలినవాళ్లు ఆకు సంచులు కిందికి తోసేశారు. జెసినాలని ఎక్కించాక లేచి దారి వదిలారు. డ్రైవరు కమ్వెండో వైపు చూడకుండా బండి స్టార్ట్ చేశాడు.

జెసినాల బతికింది. బిడ్డ దక్కలేదు.

మళ్లీ పరీక్ష రోజున కమ్వెండో బెంచీ మీదే ఉన్నాడు. వరసలో గర్భిణులే కాదు, తోటలోని ఆడవాళ్లంతా ఉన్నారు. మనవలున్న నఫీరితో సహా అందరి కాళ్లకీ కట్లే.

"ఏంటీ వేషం? విప్పండి."

"విప్పుతాం, లోపల," అంది ఫనేసి. "నువ్వు బయటికి నడు. ఇంకోమాట. నీరు పడితే కూర్చుని ఆకు ఏరే పని, అదే కూలికి. మగిరేటిని పిలిపించు. అప్పటిదాకా బుట్ట ఎవరూ ఎత్తరు."

"పోలీసుల్ని పిలుస్తా."

"పిలువు. వాళ్ల కాళ్లూ నొక్కి చూస్తుంది సిస్టరు."

నర్సు వచ్చి తలుపు పట్టుకుంది. "బయటికి వెళ్లండి కమ్వెండోగారూ. ఇకమీదట రక్తపోటు అందరికీ చూస్తాను. ఎవరిది వాళ్లకే చెప్తాను."

అతను లేచి, బెంచీని కాలితో తన్ని బయటికి నడిచాడు.

ఫనేసి నర్సు మొహంలోకి చూసింది. "నిన్ను ఇంకా నమ్మలేదు సిస్టరూ. తలుపు దగ్గర మా మనిషి కూర్చుంటుంది."

"కూర్చోనీ."

నఫీరి బెంచీని లోపలికి ఈడ్చుకుని, తలుపు మూసి, వీపు ఆనించి కూర్చుంది. కాసేపటికి దూరంగా పోలీసుల జీపు చప్పుడు వినిపించింది. లోపల ఆడవాళ్లు వంగి కట్లు విప్పుకుంటున్నారు.