మేడ మీది బల్బు

లైన్‌మాన్ అక్కకు బడికి వెళ్ళే వయసులోనే జ్వరం వచ్చి వినికిడి పోయింది. నోటికి మాత్రం ఏ లోటూ లేదు. మేడ మీద కాలితో తొక్కే కుట్టుమిషన్ ముందు కూర్చుందంటే ఆమెకు లోకంతో పనిలేదు. అందుకే తమ్ముడు మిషన్ పక్కన ఒక బల్బు బిగించి, దాని స్విచ్చి కింద వంటగదిలో పెట్టాడు. అన్నానికి పిలవాలన్నా, ఎవరైనా బట్టలు తెచ్చినా ఆ స్విచ్చి వేసేవారు. పైన బల్బు వెలిగేది. "వస్తున్నా, ప్రాణాలు తోడెయ్యకండి!" అని అరుస్తూ అక్క దిగొచ్చి, తన చేత్తోనే స్విచ్చి ఆపేది. మెట్లెక్కి ఆమెను పిలిచే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

కొండ మీద అడవి అంటుకుని కొన్నాళ్ళైంది. పొగ ఊరందరికీ అలవాటైపోయింది. అక్క అయితే కుడుతున్న తెల్లబట్ట మీద బూడిద పడుతోందని కిటికీ అద్దాలు బిగించుకుని మరీ పని చేసుకుంటోంది. ఆ రోజు గాలి తిరిగి మంట ఊరి వైపు దిగింది. ఫైర్ వాళ్ళు లైన్ల కింద నీళ్ళు కొడతారు, కరెంటు తీసేయమన్నారు. లైన్‌మాన్ సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ క్లియర్ తీసుకున్నాడు. అంటే ఇక ఆ లైన్ అతని మాట మీద ఉన్నట్టే. "మనుషులెవరూ లేరు, ఇవ్వు" అని తీసుకున్నవాడు తన నోటితో చెప్పాలి. అప్పటిదాకా మంత్రి వచ్చి అడిగినా కరెంటు ఇవ్వరు. ఆ పద్ధతే లేకపోతే ఆ ఉద్యోగంలో ఎవడూ తల నెరిసేదాకా బతకడు.

ఆ వెంటనే ఊరు ఖాళీ చేయమన్నారు. వంతెన అవతల బడిలో జనాన్ని దించుతున్నారని విని, లైన్‌మాన్ తనవాళ్ళను చూసుకుందామని వెళ్ళాడు. భార్య, పిల్లలు, నడవలేని తల్లి ఒక మూల కూర్చుని ఉన్నారు.

"అక్కేది?"

"వెనక వ్యాన్‌లో రాలేదా?" భార్య లేచి నిలబడింది. "అత్తయ్యను ఎత్తుకుని, పిల్లల్ని లాక్కొచ్చేసరికి నా తల ప్రాణం తోకకొచ్చిందండీ. పోలీసులేమో ఒకటే తొందర. స్విచ్చి వేసే వచ్చాను. వదిన దిగుతుందిలే అనుకున్నా."

పట్టపగలు, వంటగదిలో లైటుతో పనిలేదు. కరెంటు పోయిన సంగతే ఆమె చూసుకోలేదు. వెనక వ్యాన్ డ్రైవర్‌ను అడిగితే, "ఇంటింటి ముందూ మైకులో గొంతు చించుకున్నాం, ఎవరూ పలకలేదు" అన్నాడు. అక్క ఫోన్ చూస్తే భార్య సంచిలోనే ఉంది. లైన్‌మాన్ వంతెన వైపు పరుగెత్తాడు. కరెంటు తీయించింది తనే కదా!

వంతెన దగ్గర ఫైర్ ఆఫీసరు అడ్డం నిలబడ్డాడు. తమ ఇంటి వీధి మొగలో చెట్లు అంటుకుని రోడ్డుకు అడ్డంగా పడ్డాయి, మనిషి దూరే దారి లేదు. కానీ లోపలున్న మనిషికి దారుంది. పెరటి మెట్లు దిగితే వాగు, వాగు వెంట నడిస్తే గట్టు. బయటివాళ్ళు చుట్టు తిరిగి అటు నుంచి వెళ్ళేసరికి మంట ఇంటిని చేరుతుంది. ఆమెకు తెలిస్తే చాలు. కింద స్విచ్చి వేసే ఉంది. కరెంటు వస్తే బల్బు వెలుగుతుంది.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాడు.

"ఒక్క నిమిషం ఇవ్వరా. నీకు పుణ్యముంటుంది."

"లైన్ నీదన్నా," అన్నాడు ఆపరేటర్. "కింద మనుషులు లేరని ఒక్క మాట చెప్పు, ఇప్పుడే ఇచ్చేస్తా."

ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది. ఎదురుగా స్తంభం ఒరిగి, తీగ జారి తడి రోడ్డును తాకుతోంది. ఆ నీళ్ళలోనే ఫైర్ వాళ్ళు పైపులు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒకడు ఇతణ్ణి గుర్తుపట్టి కేకేశాడు.

"లైన్ పోయినట్టేగా అన్నా? నీ మాట మీదే నిలబడ్డాం!"

లైన్‌మాన్ ఆ తీగ వంక చూశాడు. అబద్ధమాడితే అక్క బతుకుతుందేమో. నిజం చెబితే వీళ్ళు బతుకుతారు. తన్ను ఈ ఉద్యోగంలోకి తోసిన వాణ్ణి, ఈ బల్బు బిగించిన తన చేతుల్ని, అందరినీ శపించుకున్నాడు.

"పోయింది," అన్నాడు వాడితో. తర్వాత ఫోన్లో, "ఇవ్వొద్దు" అన్నాడు.

మర్నాడు మంటలు అణిగాక ఫైర్ ఆఫీసరు అతణ్ణి పక్కకు పిలిచి చెప్పాడు. ఆమె మిషన్ ముందు లేదు. మేడ మెట్లు సగం దిగి అక్కడే పడిపోయి ఉంది. లైన్‌మాన్ చాలాసేపు గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఈలోగా సబ్‌స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. కాలిన వీధుల్ని లైన్ నుంచి విడదీశారు, మిగతా ఊరికి కరెంటు ఇవ్వాలి, అతని మాట కావాలి.

"మనుషులెవరూ లేరు," అన్నాడు లైన్‌మాన్. "ఇవ్వు."

బడిలో ఫ్యాన్లు తిరిగాయి. జనం చప్పట్లు కొట్టారు. భార్య అతని ముఖం చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. తల్లికి ఇంకా ఎవరూ చెప్పలేదు. నిన్నటి నుంచీ ఆవిడది ఒకటే పాట, కరెంటొస్తే పిల్ల దిగొస్తుందని.

ఆవిడ తలెత్తి ఫ్యాన్ వంక చూసింది.

"వచ్చిందిరా కరెంటు," అంది కొడుకుతో. "దానికి బల్బు వెలిగుంటుంది. ఎదురెళ్ళి తీసుకురా."