ఎడమచేతి ఫిడేలు బాసు

లోకంలో ఉన్న వస్తువులన్నీ కుడిచేతివాళ్ళ కోసమే చేసిపెట్టారన్న సంగతి ఖమర్‌బీకి యాభై దాటాక గానీ తెలిసిరాలేదు. కత్తెర కుడిచేతిది. కుట్టుమిషను చక్రం కుడిచేతి వైపు. ఆమెదీ కుడిచేతి వాటమే గనక ఎన్నడూ ఇబ్బంది పడలేదు, ఆలోచించనూ లేదు. మన కాలికి ముల్లు గుచ్చుకునేదాకా దారిలో ముల్లున్నట్టు మనకెట్లా తెలుస్తుంది?

ఆమె భర్త అబ్దుల్ సత్తార్ ప్రొద్దుటూరులో ఒక ఆర్కెస్ట్రాలో బాస్ గిటారు వాయించేవాడు. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, ఉరుసులు, ఎక్కడ స్టేజీ కడితే అక్కడ. ఆయనది మామూలు పలక గిటారు కాదు. ఫిడేలు మాదిరి నడుం సన్నగా, లోపలంతా బోలుగా, చంకన పెట్టుకుంటే బరువే తెలియనట్టు ఉండేది. దానికి నాలుగే తీగలు, లావుపాటివి. పాడేవాళ్ళకు ఈలలు, డ్రమ్ములవాడికి చప్పట్లు, వెనక నిలబడి బాసు కొట్టేవాణ్ణి ఎవడు చూస్తాడు! ఖమర్‌బీ చూసేది. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు, ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూచుని, ఆ ఒక్క మనిషినే చూసేది.

ఆర్కెస్ట్రాతో పొయ్యి వెలగదు కాబట్టి పగలు ఆయన బండల మిల్లుకు పోయేవాడు. రెండేళ్ళ కిందట నాపరాళ్ళు కోసే మిషను ఆయన ఎడమచేతి మూడు వేళ్ళు తీసుకుపోయింది, భుజం కూడా నలగ్గొట్టింది. బొటనవేలూ, చూపుడువేలూ మిగిలాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులాగా ఆస్పత్రి ఖర్చు వచ్చిపడింది, దాంట్లో గిటారు కూడా పోయింది.

అప్పటినుంచి సత్తార్ ఆ చేతికి తువ్వాలు చుట్టుకునే ఉన్నాడు. అన్నం తినేటప్పుడూ తువ్వాలే, పడుకునేటప్పుడూ తువ్వాలే. జుమ్మా నమాజుకు పోవడం మానేశాడు. ఆర్కెస్ట్రావాళ్ళు పలకరించడానికొస్తే ఇంట్లో లేనని కూతురు షాహిస్తాతో చెప్పించాడు. పిల్ల ఆ అబద్ధం చెప్పి లోపలికొచ్చి ఏడ్చింది. మనిషి బతికే ఉన్నాడు, ఇంట్లో మాత్రం చావు జరిగినట్టు ఉండేది.

ఒకనాడు మధ్యాహ్నం ఖమర్‌బీ ఫాల్స్ కుట్టిన చీరలు అంగట్లో ఇచ్చి అనుకున్నదానికంటే ముందే ఇల్లు చేరింది. తలుపు ఓరగా ఉంది. లోపల సత్తార్ మంచమ్మీద కూచుని, కువైట్లో ఉన్న కొడుకు హఫీజ్ చిన్నప్పటి క్రికెట్ బ్యాటు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. తువ్వాలు పక్కన పడి ఉంది. కుడిచేతి వేళ్ళు బ్యాటు కాడ మీద ఒక్కొక్కచోట నొక్కుతున్నాయి. ఎడమచేతి ఆ రెండు వేళ్ళు గాలిలో మీటుతున్నాయి. అంతకాలం ఎడమచేయి నొక్కేది, కుడిచేయి మీటేది. ఇప్పుడాయన తన చేతులకు పనులు మార్చి నేర్పుకుంటున్నాడు, దొంగతనంగా, చప్పుడు లేని కట్టెముక్క మీద.

ఖమర్‌బీ నాలుగడుగులు వెనక్కి పోయి, కావాలని చెప్పులు టపటపలాడించుకుంటూ మళ్ళీ వచ్చింది. ఆమె లోపల కాలు పెట్టేసరికి బ్యాటు మంచం కింద ఉంది, చేయి తువ్వాల్లో ఉంది.

ఆమెకు కావలసింది తెలిసిపోయింది. తిరగేసిన గిటారు, ఎడమచేతివాళ్ళది, నలిగిన భుజం మోయగల ఫిడేలు బాసు. షాహిస్తా ఫోన్లో వెతికి, ధర చూసి, ఫోను బోర్లా పెట్టేసింది.

ప్రొద్దుటూరు వాయిద్యాల అంగడివాడు నవ్వాడు. "ఎడమచేతిది కావాల, ఫిడేలుది కావాల, మళ్ళా అగ్గువకు కావాల! మూడూ ఒక్కదాంట్లో యాడ దొరుకుతాయమ్మా? పెండ్లికొడుకును ఎదికినట్ల ఎదుకుతాండావే."

"దొరికేదాకా ఎదుకుతా లేప్పా," అంది ఖమర్‌బీ. "నువ్వు జాడ చెప్పు చాలు."

జమ్మలమడుగులో యేసురత్నం అని చర్చి పాటల గుంపుకు పెద్ద ఉన్నాడనీ, ఆయన దగ్గర పాత ఫిడేలు బాసు ఉన్నట్టు గుర్తనీ చెప్పాడు. ఆడవాళ్ళకు బస్సులు ఉచితమైనాక తిరగడానికేం భయం? ఆధార్ కార్డు జాకెట్లో దోపుకుని, చీరలు ఇచ్చొస్తానని ఇంట్లో చెప్పి, ఖమర్‌బీ జమ్మలమడుగు బస్సెక్కింది.

దారి పొడుగునా ఒకటే మాట మననం చేసుకుంది: కుడిచేయి నొక్కాల, కాబట్టి మెడ కుడివైపు ఉండాల. యేసురత్నం బక్కపలచని ముసలాయన. బీరువాలోంచి బాసు తీసి, ఆమెకు ఎదురుగా కుర్చీలో కూచుని ఒళ్ళో పెట్టుకున్నాడు. మెడ ఆమెకు కుడివైపునే ఉంది. కంటికి ఎంతో అలవాటైన వైపు!

"ఇదే సార్, ఇదే!" అని ఖమర్‌బీ కొంగుముడి విప్పబోయింది.

ముసలాయన చేయి అడ్డం పెట్టాడు. "ఉండు తల్లీ. మెడ నీకు కుడివైపు ఉండాది. మరి నాకు? ఎదురుగా కాదు, ఇట్లొచ్చి నా పక్కన కూచో."

ఆమె పోయి పక్కన బల్ల మీద కూచుంది. చూస్తే మెడ మీద ఉన్నది ఆయన ఎడమచేయి. అంతా మామూలు కుడిచేతి గిటారే. ముప్పై ఏళ్ళు ఎదురుగా కూచుని చూసిన కళ్ళు ఆమెను మోసం చేశాయి. ఎదురుగానే చూసింది, పక్కన ఏనాడూ కూచోలేదు. వాయించేవాడికి తన చేతులు ఎట్లా కనబడతాయో ఇన్నేళ్ళకు మొదటిసారి చూసింది. సత్తార్ రోజూ చూసుకుంటున్నది ఇదన్నమాట. మెడ మీద నొక్కే వేళ్ళుండాల్సిన చోట ఉత్త ఖాళీ. ఆమెకు ఏడుపు ఆగలేదు.

యేసురత్నం ఏడవనిచ్చాడు. తర్వాత మంచినీళ్ళిచ్చి చెప్పాడు. "తీగలు తిప్పి కట్టుకోవచ్చుగానీ దీని మెడ వంగిపొయ్యింది, బంకంతా ఊడిపొయ్యింది. నిన్ను మోసం చెయ్యలేను. పులివెందుల్లో రాఘవేంద్రప్రసాద్ అని గుడ్డలంగడాయన ఉండాడు. కాలేజీలో చదివేటప్పుడు నా దగ్గరే నేర్చుకున్యాడు. పుట్టు ఎడమచేతివాటం. ఆ పిల్లోడి బాసు ఎడమచేతిదే. పోయి అడుగు."

ఆ 'పిల్లోడి'కి ఇప్పుడు తల నెరిసింది. పులివెందుల అంగట్లో గల్లాపెట్టె దగ్గర అతని తల్లి జయలక్ష్మమ్మ కూచుని ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, చూపు మాత్రం వచ్చేపోయేవాళ్ళ చేతుల మీదే. చీరల బీరువా పైన ప్లాస్టిక్ కవరు తొడిగిన ఫిడేలు బాసు వేలాడుతోంది. రాఘవేంద్రప్రసాద్ ఎవరికో జాకెట్టు గుడ్డ కోస్తున్నాడు. కత్తెర కుడిచేత్తోనే పట్టాడు గానీ కోత వంకరపోయింది. కుట్టుపని చేసే ఖమర్‌బీ కంటికి అది దాగలేదు.

ఆమె వచ్చిన పని చెప్పగానే అతని మొహం మారిపోయింది. "అది అమ్మేదానికి గాదమ్మా."

జయలక్ష్మమ్మ అందుకుంది. "నేనే తీసిపారెయ్‌రా అంటాండా ఎప్పటినుంచో! చిన్నప్పుడు వీని ఎడమచేతిని గుడ్డపేలికతో మొలతాడుకు కట్టేసి కుడిచేత్తో అన్నం తినేది నేర్పిస్తిని. అంగట్లో ఎడమచేత్తో గుడ్డ ఇస్తే ఎవురు తీసుకుంటారు? లచ్చిమి నిలబడతాదా? అంత చేసినా ఆ పీడ గోడమీద ఏలాడతానే ఉండాది."

రాఘవేంద్రప్రసాద్ ఖమర్‌బీతో మెల్లగా అన్నాడు. "నా ఎడమచెయ్యి నాదే అనిపించింది అది పట్టుకున్నప్పుడేనమ్మా. ఎట్ల అమ్మేది, చెప్పు."

అతని బాధ ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా అడగడం కష్టం. అయినా ఇంతదూరం వచ్చి గమ్మున ఎట్లా పోతుంది? క్రికెట్ బ్యాటు సంగతి చెప్పింది. తువ్వాలు సంగతి చెప్పింది. అంతకుమించి ఏమీ అడగలేదు. అతను కత్తెర కింద పెట్టి గోడమీది బాసు వైపు చూశాడు.

"ఆయప్పను పిల్చకరా," అన్నాడు చివరికి. "దాన్ని పట్టుకునేది నేను చూడాల. చూసినాకే ఏ మాటైనా."

ఇల్లు కదలని మనిషిని పులివెందుల దాకా ఎట్లా తేవడం? ఖమర్‌బీ ఇంటికొచ్చి దాచకుండా అంతా చెప్పింది. సత్తార్‌కు కోపం నషాళానికి అంటింది.

"నా అనుమతి లేకుండా ఊరూరూ తిరిగి నా చెయ్యి గురించి చెప్పుకున్యావా? ఇప్పుడు పోయి అంగట్లో నలుగురి ముందర సూపియ్యాల్నా? నన్ను గమ్మున ఇడిసిపెట్టు."

"ఇడిసిపెడితే ఏం చేస్తావు? మంచం కింద బ్యాటు తీసుకుంటావా?"

సత్తార్ చూపు మంచం కిందికి పోయింది. తల దించుకున్నాడు.

"నాకు కనపడదనుకుంటివా?" అంది ఖమర్‌బీ. "ముప్పై ఏండ్లు నీకు ఎదురుగా కూచున్యా. నీ పక్కన కూచోవాలని నాకు తెలీకపాయ. జమ్మలమడుగులో ఆ ముసలాయన చెప్తే తెలిసొచ్చె. రేపు బస్సులో నీ పక్కన కూచుంటా. ఆ తువ్వాలు కావాలంటే తెచ్చుకో. ఎవురూ గుంజరు. రా, అంతే."

తెల్లారి ఆమె నిద్రలేచేసరికి ఆయన ఒంటిచేత్తో గడ్డం గీసుకుంటున్నాడు. ఆమె అద్దం పట్టుకుని నిలబడింది.

అంగట్లో గిరాకీ ఉంది. ఇద్దరు ఆడవాళ్ళు చీరలు చూస్తున్నారు. సత్తార్ తువ్వాలు చుట్టిన చేతిని పొట్టకు అదుముకుని గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. రాఘవేంద్రప్రసాద్ ఆయన్ని చూసి, నిచ్చెన వేసుకుని బాసు దించి, కవరు తీసి, గుడ్డతో తుడిచాడు. అలవాటు కొద్దీ కుడిచేత్తో మెడ పట్టుకుని ముందుకు చాపాడు. సత్తార్ కూడా కుడిచేయే చాపాడు. ఇచ్చేదీ పుచ్చుకునేదీ కుడిచేత్తోనే అని ఇద్దరికీ ఉగ్గుపాలతో నేర్పారు గదా.

ఏమనుకున్నాడో, రాఘవేంద్రప్రసాద్ ఆగిపోయాడు. బాసును వెనక్కి తీసుకుని, ఎడమచేతిలోకి మార్చుకుని మళ్ళీ చాపాడు.

"రేయ్!" జయలక్ష్మమ్మ గల్లాపెట్టె మీద చెయ్యేసి లేవబోయింది. "కుడిచేత్తో ఇయ్యిరా! గిరాకీ చూస్తాండాది!"

"చూడనీమ్మా," అన్నాడు కొడుకు. "ఇది ఎడమచేతిది. ఎడమచేత్తోనే ఇస్తా."

చీరలు చూస్తున్నవాళ్ళు తలలు తిప్పారు. సత్తార్ ఆ చాపిన చేతిని చూశాడు. యాభై ఏళ్ళు దాచుకున్న చేయి అది. దానికి అన్ని వేళ్ళూ ఉన్నాయి, అయినా దాచుకున్నదే. సత్తార్ పళ్ళతో తువ్వాలు ముడి విప్పాడు. తువ్వాలు నేలమీద పడింది. ఆ రెండు వేళ్ళతో, మానిన గాయాల చర్మం మెరుస్తున్న ఆ అరచేత్తో, బాసు పుచ్చుకున్నాడు.

బల్ల మీద కూచుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కుడిచేయి మెడ మీద మెట్లు వెతుక్కుంది. మొదటి నాలుగు దెబ్బలూ తప్పాయి. ఐదోది పలికింది. బోలు గిటారు గనక కరెంటు లేకపోయినా మెల్లగా మూలిగింది, అది బల్లలోంచి పాకి ఖమర్‌బీ చేతికి తగిలింది. అప్పటికే ఆమె ఆయన పక్కన కూచుని ఉంది.

రాఘవేంద్రప్రసాద్ మొహం అటు తిప్పుకున్నాడు. ఖమర్‌బీ కొంగుముడి విప్పి ఉన్నదంతా గల్లాపెట్టె మీద పెడితే, అతను వద్దని తల ఊపాడు. జయలక్ష్మమ్మ ఒప్పుకోలేదు. "ఊరకే ఇస్తే అంగడికి మంచిది గాదు," అని ఒక్క నోటు తీసుకుని, మిగిలిన దుడ్లు ఖమర్‌బీ వైపు తోసింది. తర్వాత కొడుకు ఎడమచేతిని దగ్గరికి లాక్కుని, మణికట్టు దగ్గర, ఒకప్పుడు తాను గుడ్డపేలిక కట్టిన చోట, బొటనవేలితో రుద్దుతూ కూచుంది.

తిరుగు బస్సులో సత్తార్ కిటికీ పక్కన, ఖమర్‌బీ ఆయన పక్కన. బాసు ఆయన ఒళ్ళోనే ఉంది. కుడిచేతి వేళ్ళు మెడ మీద చప్పుడు లేకుండా నడుస్తున్నాయి. తువ్వాలు అంగట్లోనే మర్చిపోయారు. ఖమర్‌బీకి బస్టాండులోనే గుర్తొచ్చింది గానీ చెప్పలేదు.

కండక్టరు ఆమె ఆధార్ చూసి సున్నా టికెట్టు కొట్టిచ్చాడు. సత్తార్ జేబులోంచి నోటు తీసి, ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చాపాడు.

కండక్టరు ఆ చేతిని సరిగ్గా చూడలేదు. "ఇప్పుడే డ్యూటీ ఎక్కినా, మొదటి బోణీ, కుడిచేత్తో ఇయ్యి మామా," అన్నాడు.

సత్తార్ ఎడమచేయి వెనక్కి తీసుకోలేదు.

"కుడిచెయ్యి పనిలో ఉండాదప్పా," అన్నాడు.