రెండు కార్డులా, స్టెబిలైజరా

టాటానగర్ పక్కన గోవింద్‌పూర్‌లో సీమంతం జరుగుతుండగా గౌరీశంకర్ కెమెరా ఆగిపోయింది. పెద్ద ముత్తైదువ పసుపు రాయడానికి చెయ్యి చాపింది, ఆయన బటన్ నొక్కాడు, లోపల ఏదో కరకరమని నిలిచిపోయింది. ఆ చప్పుడు విని భార్య ఉమామహేశ్వరి వెంటనే సంచిలోంచి ఇంకో పాత కెమెరా తీసి అందించింది. ఎవరూ గమనించకుండానే ఫంక్షన్ గట్టెక్కింది.

మర్నాడు సాక్చీలో రిపేరు చేసే అతను షట్టరు పూర్తిగా అరిగిపోయిందన్నాడు. మార్చినా ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేనన్నాడు. కొత్తది కొనక తప్పదని అప్పుడే తేలిపోయింది.

పర్సుడీహ్ బజారులో వాళ్లకి చిన్న స్టూడియో ఉంది. టాటానగర్ రైల్వేలో పనిచేసే తెలుగు వాళ్ల ఇళ్లల్లో పెళ్లయినా, అన్నప్రాసనయినా గౌరీశంకర్‌నే పిలుస్తారు. ఫోటోలు తీయడం ఆయన పని. తీసినవాటిని కంప్యూటర్లో వేసి, మంచివి ఏరి, రంగులు సరిచేసి, ఆల్బం తయారుచెయ్యడం ఉమామహేశ్వరి పని. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన ఈ పంపకంలో ఇన్నేళ్లూ ఎవరికీ ఇబ్బంది రాలేదు.

కాలేజీలో చదువుతున్న కూతురు వెన్నెల ఫోన్లో వెతికి వెతికి చివరికి రెండు మోడళ్ల దగ్గర ఆగింది. రెండూ ఒకే కంపెనీవి, నాన్న దగ్గరున్న లెన్సులు రెండింటికీ సరిపోతాయి. ధర కూడా అటూ ఇటూగా ఒకటే.

"సెన్సర్ సేమ్, ఫోకస్ సేమ్. పాపా, దోనో ఏక్ హీ తో హై, రెండూ ఒకటే. ఏదో ఒకటి తీసేసుకోండి" అంది నాన్నతో.

"ఒకటే అయితే రెండు మోడళ్లెందుకు చేత్తాడే కంపెనీవోడు? తేడా ఏటో సూడు."

వెన్నెల మళ్లీ చూసింది. తేడా ఒక్కటే. మొదటిదాంట్లో రెండు మెమరీ కార్డులు పడతాయి. తీసిన ప్రతి ఫోటో రెండింట్లోకీ ఎక్కుతుంది కాబట్టి ఒక కార్డు పాడైనా రెండోది ఉంటుంది. రెండోదాంట్లో కార్డు ఒకటే, కానీ బాడీలోనే స్టెబిలైజరు ఉంది. పట్టుకున్న చెయ్యి కదిలితే లోపల సెన్సరు కూడా దానికి తగ్గట్టు కదిలి, ఫోటో అలుక్కుపోకుండా చూస్తుంది.

"రెండు కార్డులదే" అన్నాడు గౌరీశంకర్ ఆలోచించకుండా. "ఖరగ్‌పూర్ పెళ్లిలో ఏటయింది? కార్డు సచ్చిపోయి తలంబ్రాల ఫోటో ఒక్కటి కూడా దక్కలేదు. మళ్లీ ఆ గతి నాకొద్దు."

కార్డు పాడైతే అందరికన్నా ముందు కంగారుపడేది ఉమామహేశ్వరే. అయినా ఆమె అంది, "నాకైతే స్టెబిలైజరుదే బాగుంటాదనిపిత్తంది."

"ఎందుకే?"

"ఏటో. మంచిదంటన్నారు కదా."

"ఎవరంటన్నారు?"

ఆమె కంప్యూటరు వైపు తిరిగింది.

చెప్పాలంటే చాలా ఉంది. ఏడాది కిందట ఒక పెళ్లి ఫోటోల్లో చాలావాటికి అంచులు రెండేసిగా కనిపించాయి. లెన్సు పాడైందేమో అనుకుంది. ఆ తర్వాత పెళ్లిలోనూ అంతే. పగటి వెలుగులో తీసినవి బాగానే ఉండేవి, మండపం కింద మసక వెలుతురులో తీసినవే అలుక్కుపోయేవి. ఇంట్లో ఆయన గడ్డం గీసుకున్నప్పుడు చుబుకం కింద చిన్న చిన్న గాట్లు పడటం చూసింది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి తంటాలు పడుతూ తనని చూసి అటు తిరిగిపోవడం చూసింది. ఆయన చేతి సంగతి అప్పుడు అర్థమైంది. ఆయన నోరు విప్పలేదు, ఈమె అడగలేదు. ఆయన కంప్యూటరు ముందుకు వచ్చేలోపు అలుక్కుపోయిన ఫోటోలన్నీ తీసి పారేసి, బాగున్నవే మిగల్చడం అలవాటు చేసుకుంది. ఎలాగో ఆల్బం నిండుతోంది, ఇంకెందుకు ఆయన మనసు కష్టపెట్టడం అనుకుంది.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ స్కూటరు మీద సాక్చీ వెళ్లారు. కెమెరాల దుకాణం నడిపే ఆదిబాబు కూడా వాళ్లలాగే శ్రీకాకుళం వైపువాడు. గౌరీశంకర్‌ని అన్నయ్యా అంటాడు. రెండు మోడళ్లూ పెట్టెల్లోంచి తీసి కౌంటరు మీద పెట్టాడు.

"ఇంటర్నెట్‌లో వందమంది వంద సెప్తారన్నయ్యా. మీ చేత్తో పట్టుకు సూసుకోండి. అదిగో, ఆ మూల చీకటిగా ఉంది కదా, ఆ అట్టపెట్టి మీద అక్షరాలు రెండింటితోనీ తీసి సూడండి."

గౌరీశంకర్ ముందు రెండు కార్డుల కెమెరా తీసుకున్నాడు. ఊపిరి బిగబట్టి, మోచేతులు పక్కటెముకలకి ఆనించి తీశాడు. తర్వాత రెండోదానితో అదే ఫోటో తీశాడు. ఆదిబాబు రెండింటినీ తెర మీద పెద్దవి చేసి చూపించాడు. స్టెబిలైజరుతో తీసినదాంట్లో అక్షరాలు చదవడానికి వీలుగా ఉన్నాయి. మొదటిదాంట్లో ఒక్కో అక్షరం పక్కన ఇంకో అక్షరం నీడలా పడింది.

"ఇక్కడ వెలుగు తక్కువ కదన్నయ్యా, ఎవరికైనా అలగే వత్తాది" అంటూ ఆదిబాబు ఆ మొదటి కెమెరా అందుకుని, నిలబడ్డచోటి నుంచే ఒకటి కొట్టి తెర తిప్పి చూపించబోయాడు. చూపించబోయి ఆగాడు. అతను తీసిన ఫోటోలో అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి.

గౌరీశంకర్ తన చేతిలో ఉన్న రెండో కెమెరాని జాగ్రత్తగా కౌంటరు మీద పెట్టి, "ఆలోసించుకుని వత్తాం, ఆదిబాబూ" అని బయటికి నడిచాడు.

ఇంటిదారిలో జుగ్సలాయి దాటారు. స్టేషను దగ్గర రోడ్డు పక్కన చెట్టు నీడలో స్కూటరు ఆపాడు. ఉమామహేశ్వరి దిగి నిలబడింది.

"నేను తీసిన ఫోటోలు నువ్వు కొట్టేత్తన్నావు కదా?" అన్నాడు.

ఆమె ముఖంలో రంగు మారింది. "మీకెలా తెలుసు?"

"నేను తీసినవి నాకు తెల్దేటి? కార్డు నీ చేతికిచ్చే ముందర అన్నీ సూసుకుంటాను. కంప్యూటర్లో సూత్తే సగం ఉండవు."

"మరి అడగలేదేటి?"

"అడిగితే నువ్వు సెప్తావు కదా. అదే భయం."

రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. ఆయన హ్యాండిలు మీదనుంచి చేతులు తీసి చూసుకున్నాడు. కుడిచెయ్యి సన్నగా అదురుతోంది.

"మా నాన్నకీ ఇలగే ఉండేది. టీ గ్లాసు పట్టుకుంటే సగం వొలికిపోయేది. రైల్వే కాలనీ అంతా ఏటనేవోరో తెలుసా? అసిరయ్య పొద్దున్నే తాగేసి డూటీకెల్తాడని. మా నాన్న జన్మలో సుక్క ముట్టలేదు. ఆ మాట మాకు తెలుసు. ఊరందరికీ ఎవరు తిరిగి సెప్తారు? పోయేదాకా ఆ పేరు అలగే ఉండిపోయింది." ఆయన చేతులు మళ్లీ హ్యాండిలు మీద పెట్టాడు. "ఇప్పుడు నేను పెళ్లి మండపంలో కెమెరా పట్టుకుని వణికితే ఏటంటారు? ఫోటోగ్రాఫరు తాగొచ్చాడంటారు. ఆ స్టెబిలైజరుది కొన్నాననుకో, నాకది అవసరవని నేనే ఒప్పుకున్నట్టు. రెండు కార్డులది కొంటే అందరిలాంటి ఫోటోగ్రాఫర్నే."

ఉమామహేశ్వరికి ఏడుపొచ్చింది కానీ ఆపుకుంది. "సెప్పకుండా కొట్టెయ్యడం నాది తప్పే" అంది. "కానీ ముందు డాక్టరుకి సూపిద్దాం. కెమెరా సంగతి తర్వాత."

"ఆడేటి సెప్తాడో..."

"ఏదైతే అది సెప్తాడు. నేనుంటాను కదా పక్కని."

డాక్టరు గౌరీశంకర్‌ని రెండు చేతులూ చాపమన్నాడు. నీళ్ల గ్లాసు ఎత్తి తాగమన్నాడు. కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గియ్యమన్నాడు. నడిపించి చూశాడు, వేళ్లు టపటప కొట్టించి చూశాడు. ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగి, అసిరయ్య సంగతంతా విన్నాడు. చివరికి, మీరు భయపడుతున్న పెద్ద నరాల జబ్బులా కనిపించడం లేదని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. కొన్ని కుటుంబాల్లో తండ్రి నుంచి పిల్లలకి వచ్చే వణుకు ఇది. పూర్తిగా పోదు గానీ మాత్రలతో తగ్గవచ్చు. కంగారుపడితే ఎక్కువవుతుంది. తాగుడికీ దీనికీ సంబంధం లేదు.

"మా నాన్నకి కూడా ఇదేనా, సాబ్?" అని అడిగాడు గౌరీశంకర్.

మనిషిని చూడకుండా ఖాయంగా అనలేనన్నాడు డాక్టరు, కానీ మీరు చెప్పినదాన్నిబట్టి అదే అయి ఉంటుందన్నాడు. గౌరీశంకర్ తలూపాడు. బయటికి వచ్చాక వరండాలో బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాడు. ఉమామహేశ్వరి మందుల దుకాణానికి వెళ్లి తిరిగి వచ్చేసరికి కూడా అలాగే ఉన్నాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. తొందరపెట్టలేదు.

మళ్లీ కెమెరా మాట వచ్చేసరికి విచిత్రంగా ఇద్దరూ పక్షాలు మారారు. ఆయన స్టెబిలైజరుది తీసుకుందామన్నాడు. ఆమె రెండు కార్డులది అంది.

"మాత్రలు పనిచేత్తాయని డాక్టరే అన్నాడు కదా. కార్డు పోతే దానికి మాత్రలున్నాయేటి?"

"నా చేతికే కదా మొన్న నువ్వు స్టెబిలైజరు కావాలన్నావు?"

"మొన్న మీరు నాకేటీ సెప్పలేదు, నేను మీకేటీ సెప్పలేదు. ఇప్పుడలగ కాదు కదా."

గుమ్మంలో నిలబడి వింటున్న వెన్నెల నెత్తి కొట్టుకుంది. "ఫిర్ సే షురూ! మళ్లీ మొదలెట్టారా! ఇద్దరూ కలిపి ఒక్కటి చెప్పండి, అంతే."

గౌరీశంకర్ నవ్వాడు. ఆ ఇంట్లో ఆయన నవ్వు వినిపించి చాలా రోజులైంది.

ఈసారి దుకాణంలో అడుగు పెడుతూనే ఆయన చెప్పేశాడు. "ఆదిబాబూ, నాకు చెయ్యి వణుకుతాది. మా నాన్నకీ ఉండేది. అది లెక్కలో పెట్టుకుని సెప్పు, ఏది పనికొత్తాది?"

ఆదిబాబు ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత కుర్చీ లాగి ఇద్దరినీ కూర్చోబెట్టాడు. "అయితే ఆలోసించక్కర్లేదన్నయ్యా, స్టెబిలైజరుదే. కాకపోతే అది అన్నీ ఆపేత్తాదని మాత్రం నేను సెప్పను. సిన్న సిన్న అదురు ఆపుతాది. ఎక్కువైతే స్టాండు ఏసుకోవాలి."

"కార్డు ఒకటే కదా మరి?" అంది ఉమామహేశ్వరి.

"ఫంక్షన్ మధ్యలో అప్పుడప్పుడూ కార్డు మార్సి, తీసినవి లాప్‌టాప్‌లోకి ఎక్కించేసుకోండి వదినా. కొంచెం శ్రమే, కానీ మీరెలగూ పక్కనే ఉంటారు."

ఆ కెమెరానే తీసుకున్నారు.

మొదటి పెద్ద పని సీతారామరావు గారింట్లో పెళ్లి. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, అసిరయ్యకి తెలిసినవాడు. పెళ్లికి ముందు గౌరీశంకర్ ఒక్కడే వాళ్లింటికి వెళ్లాడు. తన చెయ్యి సంగతి దాచకుండా చెప్పాడు. మండపంలో స్టాండు వేసుకుంటానన్నాడు. ఆడవాళ్ల దగ్గర ఫోటోలు ఉమామహేశ్వరి తీస్తుందన్నాడు. ఇష్టం లేకపోతే వేరేవాళ్లని పెట్టుకోమని కూడా చెప్పాడు.

సీతారామరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అసిరయ్యకి కూడా ఇదేనా బాబూ?"

"అదే అయ్యుంటాదని డాక్టరు అన్నాడండి."

"మేవందరం తాగుడనే అనుకున్నాం" అన్నాడు పెద్దాయన. గౌరీశంకర్ లేస్తుంటే చెయ్యి పట్టుకుని, "నువ్వే తియ్యాలి. నీ ఇష్టం వొచ్చినట్టు తియ్యి" అన్నాడు.

పెళ్లిలో జీలకర్ర బెల్లం దగ్గర గౌరీశంకర్‌కి కంగారు పుట్టింది. చెయ్యి అదిరింది. స్టాండు మీద కెమెరా బిగించి, భుజాలు వదులు చేసి, నెమ్మదిగా బటన్ నొక్కాడు. అంతకుముందు పెళ్లికూతురి గదిలో ఉమామహేశ్వరి పాత కెమెరాతో మొదటిసారి పదిమంది ముందు ఫోటోలు తీసింది. మొదట సిగ్గుపడింది. వాళ్లు నగలు సర్దుకుంటూ కబుర్లలో పడ్డాక సిగ్గు మరిచిపోయింది.

రెండు రోజుల తర్వాత స్టూడియోలో ఇద్దరూ కంప్యూటరు ముందు పక్కపక్కన కూర్చున్నారు. ఆమె ఈసారి ఒక్క ఫోటో కూడా తీసెయ్యలేదు, అన్నీ వరసగా పెట్టింది. స్టెబిలైజరు ఉన్నా కొన్ని అలుక్కుపోయాయి. ఆయన వాటిని చూసి ఒక్కొక్కటే తీసేశాడు. మిగిలినవి అనుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నాయి.

తర్వాత ఆమె తీసినవి వచ్చాయి. ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"తల మీద ఇంత జాగా ఎందుకొదిలావు? పైకప్పుకి ఫోటో తీసినట్టుంది."

"ఆ పిల్ల ఎంత పొడుగో నాకేటి తెలుసు?"

"ఇది సూడు. గాజులేసుకుంటన్నప్పుడు తీశావే, ఇది బాగుంది. నేనైతే అప్పుడు ఆ గదిలో ఉండేవోణ్ణి కాదు." ఆయన ఆ ఫోటోని పెద్దది చేశాడు. చాలాసేపు చూశాడు. "వెలుగు ఎటునుంచొత్తందో సూసుకునే నిలబడ్డావా?"

"లేదు. అక్కడే జాగా దొరికింది."

"ఇకనుంచి సూసుకుని నిలబడు. రేపు పొద్దున్న స్టూడియో తియ్యకముందు కిటికీ దగ్గర నేర్పిత్తాను."

ఉమామహేశ్వరి సరేనని, తర్వాతి ఫోటో తెరిచింది.