ఆ ఇంట్లో ఎవరుంటారు

ఖాసిం తడిగుడ్డతో మిషన్ అద్దం తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడుస్తున్నాడు. నిన్నటి వేలిముద్రలు, మిర్చి బజ్జీల నూనె, ఎవడో గెలవలేక ఉక్రోషంతో ఉమ్మిన ఉమ్ము, అన్నీ ఆ అద్దం మీదే. మహబూబ్‌నగర్ బస్టాండు ఎదురు సందులో రఘుపతి పెట్టిన వీడియోగేమ్ దుకాణమది. బీరువాలంతేసి మిషన్లు వరసగా ఉండేవి. అన్నీ అమ్ముడుపోగా ఇదొక్కటే మిగిలింది. ఇది కూడా ఈ సాయంత్రం ఆత్మకూరు పోతుంది. ఊరికి ఫోన్ల పిచ్చి పట్టిందని రఘుపతి ఇక్కడ ఎస్టీడీ బూత్ పెడుతున్నాడు.

ఖాసింకు యాభై దాటాయి. పొడగరి, కానీ ఈ మధ్య వంగి నడుస్తున్నాడు. చెంపలు లోపలికి పోయాయి. గడ్డం మొదళ్లలో తెల్లగా, చివర్లలో మాత్రం ఎర్రగా ఉంది. ఆ ఎరుపు, చనిపోయేముందు భార్య ఖమర్ పెట్టిన గోరింటాకుది. కత్తిరిస్తే అదీ పోతుందని మంగలి దుకాణం వైపు వెళ్లడమే మానేశాడు.

పని ఏమంత పెద్దది కాదు. ఆడేవాళ్లకు బిళ్లలివ్వాలి, మిషన్ను తన్నేవాళ్లను కసరాలి, కరెంటు పోతే స్విచ్చి ఆపాలి. ఆట మాత్రం ఆయనకు చేతకాదు. చూస్తాడంతే.

ఆ ఆటలో ఒక చిన్న మనిషి ఉంటాడు. నెత్తిన టోపీ, భుజాన మూట. అడవి, వాగు, కొండ దాటి ఇంటికి పోవాలి. తక్కిన ఆటల్లో మాదిరి వాడి చేతిలో తుపాకీ లేదు, వెంట తోడు లేదు. ఆడేవాళ్లు వాణ్ణి ఉరికిస్తారు, దూకిస్తారు, చంపుతారు, తిట్టుకుంటూ పోతారు. వాళ్లకు తెలియనిది ఒకటుంది. హ్యాండిల్ కదపకుండా వదిలేస్తే వాడు నిలబడీ నిలబడీ కూలబడతాడు. మూట దించి, చెంపకు చెయ్యి ఆనించుకుని, అద్దంలోంచి ఇటు చూస్తాడు. ఎవడో ఆట మధ్యలో బస్సు కదిలిందని ఉరికినప్పుడు ఖాసిం కంటబడిందది. అప్పటి నుంచి దుకాణంలో ఎవరూ లేనప్పుడల్లా ఒక బిళ్ల వేసి, స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. చూసినవాళ్లు నవ్వుతారు మరి, నవ్వరా?

ఖాసింకు దిగులు పట్టిందన్నారు ఊళ్లో. అక్క హుస్సేన్ బీ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. దవాఖానలో డాక్టరు నిద్రమాత్రలు రాసి, మనసు మళ్లించుకోమన్నాడు. ఎటు మళ్లించాలో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు. అసలు బాధ ఒకటే. పైకి చెప్పుకుంటే అదేం పెద్ద సంగతి అనిపించేది. సాయంత్రం ఇంటికి పోవాలి. తాళం తీసి ఆ చీకట్లోకి అడుగు పెట్టడం ఆయనవల్ల కావడం లేదు. దుకాణం మూశాక బస్టాండు బల్ల మీద చతికిలబడి, తాను ఎక్కని బస్సులన్నీ సాగనంపి, ఒళ్లు తూలిపోతే గానీ లేచేవాడు కాదు.

ఆట చివర ఇల్లు వస్తుందని, కిటికీలో దీపం వెలుగుతుంటుందని ఎవరో అనగా విన్నాడు. అంతదాకా పోయినవాడు ఎల్లస్వామి ఒక్కడే. బస్సు డిపోలో మెకానిక్కుల దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు. ఇంట్లో ఎవరున్నారంటే వాడికి గుర్తు లేదు. ఆ ఇంట్లో ఎవరుంటారో చూడాలని ఖాసింకు ఒకటే పట్టుకుంది. తల్లో, పెళ్లామో, ఆఖరికి కుక్కైనా సరే. వాడికి ఎవరో ఒకరుంటే తనకూ ఇంటికి పోయే ధైర్యం వస్తుందనిపించేది. మిషన్ పోతే ఇక ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. అందుకే నిన్న ఎల్లస్వామిని పట్టుకుని, ఆఖరిసారి ఒక్క ఆట ఆడి చూపించమని బతిమాలుకున్నాడు.

మధ్యాహ్నం, పక్కనే బజ్జీల బండి పెట్టుకునే నర్సింగమ్మ విస్తరాకు ముక్కలో బజ్జీలు తెచ్చింది.

"తిన్నవా ఖాసిమన్నా?"

"తిన్న."

"ఎప్పుడు? నిన్ననా?"

ఖాసిం కళ్లు మిషన్ మీదే ఉన్నాయి. ఆమె అద్దంలోకి తొంగి చూసింది.

"గీడేంది, గట్ల చెంపకు చెయ్యి వెట్టుకొని కూసున్నడు?"

"ఇంటికి వోవాలె గాడు," అన్నాడు ఖాసిం. "పోబుద్ధయితలేదు."

నర్సింగమ్మ ఆకు ఆయన ఒళ్లో పెట్టి, బండి దగ్గర ఎవరో కేకేస్తున్నా వినిపించుకోకుండా, ఆయన తినేదాకా అక్కడే నిలబడింది.

ఎల్లస్వామి మాట తప్పలేదు. డ్యూటీ దిగి గ్రీసు చేతులతోనే వచ్చాడు. అప్పటికే ఆత్మకూరు ట్రాలీ వాకిట్లో ఆగి ఉంది. డ్రైవరు బీడీ ముట్టించుకుని, జర జల్దీ కానియ్యమని తొందరపెడుతున్నాడు. ఎల్లస్వామి వాగు దగ్గర ఒకసారి చచ్చి, మళ్లీ మొదలుపెట్టాడు. కొండ మీద చిన్న మనిషి అంచు నుంచి జారబోతే ఖాసిం పట్టుకోబోయినట్టు చెయ్యి చాపాడు. కరెంటు పోకుండా చూడమని మనసులో అల్లాను వేడుకున్నాడు. కొండ దిగాక అద్దమంతా నీలంగా మారింది. దూరాన చిన్న ఇల్లు, కిటికీలో పచ్చటి దీపం.

"వచ్చినం చాచా."

చిన్న మనిషి మూట దించి తలుపు తోశాడు. ఒక గది. ఒక చాప, ఒక కుండ. అంతే. కింది నుంచి పైకి ఇంగ్లీషు అక్షరాలు పోసాగాయి.

"ఇంట్ల ఎవ్వలు లేరా?"

"ఆట ఒడిసింది చాచా. గెలిచినం."

"మరి దీపమెవలు వెట్టిర్రు?"

ఎల్లస్వామి అది ఎన్నడూ ఆలోచించలేదు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఏమో చాచా. పొయ్యేటప్పుడు గాడే వెట్టి పొయ్యిండేమో."

ఖాసిం ఆ మాట పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ట్రాలీవాళ్లు మిషన్ను పడుకోబెట్టి, తాళ్లు బిగించి తీసుకుపోయారు. రేపు ఫోన్లవాళ్లు వస్తారు, జల్దీ రమ్మని రఘుపతి చెబితే తలూపాడు. ఆ సాయంత్రం బస్టాండు బల్ల మీద కూర్చోలేదు. పొద్దుండగానే ఇల్లు చేరాడు.

తరువాతది గల్లీవాళ్లు చూశారు. బల్బు ఉండగా ఖాసిం కందిలి ముట్టించి కిటికీలో పెట్టాడు. బయటికొచ్చి తాళం వేశాడు. గల్లీ చివరిదాకా నడిచి, అక్కడే నిలబడ్డాడు. పాపం, మతి పూర్తిగా చెడిందనుకున్నారు వాళ్లు. మసక పడ్డాక ఇటు తిరిగాడు. తన ఇంటి కిటికీలో వెలుగు కనబడేసరికి ఖాసింకు ప్రాణం లేచొచ్చింది. లోపల ఎవరూ లేరని తెలుసు. ఆ వెలుగు పెట్టింది తానేనని తెలుసు. అయినా కాళ్లు వెనక్కి లాగలేదు. అంగలు వేసుకుంటూ వచ్చి, తాళం తీసి లోపలికి పోయాడు.

పొద్దున దుకాణం తెరుచుకోలేదు. నర్సింగమ్మ బండి వదిలేసి వెతుక్కుంటూ వచ్చింది. తలుపు చేరవేసి ఉంది. ఖాసిం చాప మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నాడు. ఒళ్లు చల్లబడి ఉంది. డాక్టరిచ్చిన మాత్రల పొట్లం విప్పకుండానే గూట్లో ఉంది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు. నర్సింగమ్మ గడప మీద కూలబడి, సొంత అన్న పోయినట్టు ఏడ్చింది.

కబురంది వచ్చిన హుస్సేన్ బీ నీళ్లు కాచడానికి వంటింట్లోకి పోయి అక్కడే ఆగిపోయింది. ఖమర్ పోయినప్పటి నుంచి రాజెయ్యని పొయ్యిలో బూడిద కొత్తగా ఉంది. పీట మీద జొన్నపిండి చెదిరి ఉంది. పళ్లెంలో ఒక రొట్టె తినగా మిగిలిన తునకలున్నాయి. ఇంకొక రొట్టె, అంచులు పగిలి వంకరపోయినది, రేపటికన్నట్టు శుభ్రమైన గుడ్డలో చుట్టి బుట్టలో దాచిపెట్టి ఉంది.